పదో తరగతికి మేనమామ

పెదమొల్లేరు ఉన్నత పాఠశాలకు లెక్కల మాస్టారు లేక రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ లెక్కల పీరియడ్‌ని డ్రిల్లు మాస్టారు గణపతిరాజు గారు చూసుకున్నారు. ఆయన చూసుకోవడమంటే పిల్లల్ని బయటికి తోలి వాలీబాల్ ఆడించడమే. దాంతో ఆ బడి జిల్లా పోటీల్లో కప్పు గెలిచింది. లెక్కల్లో మాత్రం, మైనస్ గుర్తు కనబడితే అది పేరు రాసుకోవడానికి వదిలిన గీత అనుకొని దాని మీద పేరు రాసే స్థితికి వచ్చింది.

అలాంటి బడికి ఈ జూన్‌లో అన్నవరం మాస్టారు బదిలీ మీద వచ్చారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, మితభాషి. నలుగురిలో పడి నవ్వే మనిషి కాదు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, బుగ్గలు పుణకడం ఆయనకు చేతకాదు. కాని ఆయనకంటూ ఒక పద్ధతి ఉంది. బడి తెరిచిన మొదటి రోజు ఎవరి పేరూ అడగరు. అందరికీ ఒకే లెక్క ఇచ్చి చేయమంటారు. సాయంత్రం ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళి, పడక్కుర్చీలో కూర్చొని, మిగతావాళ్ళు నవలలు చదువుకున్నట్టు ఒక్కొక్కటీ చదువుకుంటారు. ఎవరు ఎక్కడ తొందరపడ్డారో, ఎవరు ఎక్కడ భయపడ్డారో, ఎవరు పక్కవాడిది చూసి పక్కవాడి తప్పుని కూడా భక్తిగా దించుకున్నారో ఆయనకు తెలిసిపోతుంది. మర్నాడు క్లాసులో అడుగు పెట్టేసరికి అందరూ తెలిసినవాళ్ళే.

ఈసారి పదో తరగతిలో నలభై ఒక్క కాగితాలొచ్చాయి. నలభై కాగితాల్లో నలభై రకాల తప్పులున్నాయి. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. నలభై ఒకటోది తెల్లగా ఉంది. పైన పేరు మాత్రం గుండ్రటి అక్షరాలతో ఉంది, సత్యవేణి అని.

సత్యవేణి మూడో బెంచీ మీద కూర్చుంటుంది. ఆరో తరగతి నుంచీ ఈ బడిలోనే చదువుతున్నా, ఆ పిల్ల నోరు విప్పి ఒక టీచరుని ఒక ప్రశ్న అడిగిన దాఖలా లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. వాళ్ళమ్మ కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తుంది. కూతుర్ని పదిలో చేర్చేటప్పుడే మాస్టారితో చెప్పేసింది. "పాసయితే ఇంటరండి. తప్పితే నాతో పాటు మిల్లుకేనండి. మళ్ళీ రాయించే ఓపిక నాకు లేదండి."

తప్పు చేసిన పిల్లని తప్పు దగ్గర పట్టుకోవచ్చు. ఏమీ రాయని పిల్లని ఎక్కడ పట్టుకోవాలి? ఆ పిల్ల ఏదో ఒకటి అడగాలి. ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆపైన సంగతి తను చూసుకుంటానని మాస్టారి నమ్మకం. ఈ ఏడాదికి తన పని ఇదీ అని ఆయన గట్టిగా అనుకున్నారు. పైవాళ్ళు ఇంకోటి అనుకున్నారు.

సంగతేమిటంటే, విద్యాశాఖ సంచాలకులవారు ఏదో ఊరు తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చి హెడ్మాస్టరు చెయ్యి పట్టుకొని "మావయ్యా, ఇంటికెళ్దాం" అన్నాడట. సంచాలకులవారి కళ్ళు చెమర్చాయి. ఆ హెడ్మాస్టరు ఆ పిల్లవాడికి నిజంగానే మావయ్య, వాడి తల్లికి సాక్షాత్తూ తోడబుట్టినవాడు. ఆ మాట చెప్పడానికి పక్కనున్నవాళ్ళెవరికీ నోరు రాలేదు. కళ్ళు చెమర్చిన అధికారికి అడ్డు తగిలి బాగుపడ్డవాళ్ళు ఆ శాఖలో ఇంతవరకూ లేరు. పదిహేను రోజుల్లో ముప్పై నాలుగు పేజీల ఉత్తర్వు వెలువడింది.

"విద్యా సంవత్సర ప్రారంభ దశయందు విద్యార్థితో ఆత్మీయానుబంధ నిర్మాణము అత్యావశ్యకమని గుర్తించడమైనది. కావున ప్రతి ఉపాధ్యాయుడును తన తరగతిలోని ప్రతి విద్యార్థితోను జూన్ ముప్పదవ తేదీ సాయంత్రము ఐదు గంటలలోపు ఒక వరస కలుపుకొని, సదరు వరసను 'మన వరస' యాప్‌నందు నమోదు చేయవలెను. అనుమతింపబడిన వరసలు పదకొండు. బావ, మరిది, వదిన, మరదలు వరసలు కలిపినవారిపై కఠిన చర్య గైకొనబడును. వరసలు కలుపు కార్యక్రమము పూర్తియగు వరకు పాఠ్యబోధన ఐచ్ఛికము."

హెడ్మాస్టరు జోగారావు గారు ఆ ఉత్తర్వుని నిలబడి చదివారు. ఆయన మంచివారే. కాకపోతే నూటికి నూరు అన్న అంకె కనబడితే ఆయనకు ఒళ్ళు తెలియదు. "అనుబంధం రెండు ప్రకారం హెడ్మాస్టరు హోదా రీత్యా పెదనాన్న అవుతాడండి. కాబట్టి నా సంగతి తేలిపోయింది. మిగతావి మీరు సర్దుకోండి" అన్నారు.

సర్దుకోవడం మొదలైంది. సైన్సు చెప్పే భూలక్ష్మి టీచరు పిన్ని వరస తీసేసుకున్నారు. గణపతిరాజు గారు బాబాయి అన్నారు. తాతయ్య, అమ్మమ్మలను పెద్ద వయసువాళ్ళు పంచుకున్నారు. అన్నయ్య, అక్కయ్యలను కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు పట్టేశారు. అన్నవరం మాస్టారు తెల్లకాగితం గురించి ఆలోచిస్తూ కిటికీలోంచి చూసి తల తిప్పేసరికి మగవాళ్ళకి మిగిలింది మేనమామ ఒక్కటే.

"మేనమామ అంటే మాటలు కాదండి మాస్టారూ" అన్నారు భూలక్ష్మి టీచరు జాలిగా. "పిల్ల పుట్టింది మొదలు పెళ్ళయ్యేదాకా ఊపిరాడదు. మా అన్నయ్యని అడగండి, చెప్తాడు."

"నేను లెక్కలు చెప్పుకుంటానండి. నాకు వరసలెందుకండీ."

"నాలుగు పీరియడ్లు పోతే పోనివ్వండి. వరస కలపకుండా క్లాసులోకెళ్తే మనం పరాయివాళ్ళం కింద లెక్కటండి. పేజీ ఇరవైలో ఉంది."

వరస కలిపినట్టు యాప్ ఊరికే నమ్మదు. పిల్లలు ఆ వరసతో పిలుస్తుండగా ఫోటో తీయాలి. నోరు తెరుచుకొని ఉండాలి, కళ్ళలో వెలుగుండాలి, వెనకాల జెండా స్తంభం కనిపించాలి. మూడు రోజులపాటు పదో తరగతి పిల్లలు జెండా స్తంభం కింద వరసగా నిలబడి "మావయ్యా" అన్నారు. ఏడుకొండలు అని ఆరడుగుల వాలీబాల్ ఆటగాడు ఒకడున్నాడు. వాడు "మావయ్యా" అని ఉత్సాహంగా అరిచిన అరుపుకి వీధిలో పోయే కల్లుగీత కార్మికుడొకాయన "ఏటల్లుడూ" అని ఆగిపోయాడు. యాప్ వాడికి అయిదు నక్షత్రాలిచ్చింది.

చిక్కంతా సత్యవేణితో వచ్చింది. ఆ పిల్ల నోరు తెరవదు. పదిసార్లు ఫోటో తీస్తే పదిసార్లూ యాప్ "ఆత్మీయత కానరాలేదు, మరల ప్రయత్నించండి" అంది. జోగారావు గారికి ముద్ద దిగడం మానేసింది. నలభై ఒక్క మందిలో నలభై మంది అయ్యారు. తొంభై ఏడున్నర శాతం. ఆయన జీవితంలో అంత దగ్గరికొచ్చి ఆగిన అంకె ఇంకోటి లేదు.

"ఒక్కసారి మావయ్యా అనమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నారు ఆయన ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చొని.

అన్నవరం మాస్టారికి ఒళ్ళు మండింది. "పిల్లని వదిలెయ్యండి హెడ్మాస్టారూ. ఆ పిల్ల నన్ను అడగాల్సింది వేరే ఉంది" అన్నారు.

చివరికి ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగూ ముప్పావుకి, నిలబడి నిలబడి విసిగిపోయిన సత్యవేణి ఆవలించింది. కాచుకొని ఉన్న గణపతిరాజు గారు టక్కున ఫోటో తీశారు. యాప్ ఒక్క క్షణం ఆలోచించి "అనుబంధము అత్యంత గాఢము" అని తేల్చింది. బడంతా చప్పట్లు కొట్టింది. ఆ నెలలో ఆ తరగతికి ఒక్క లెక్క కూడా చెప్పలేదని గుర్తున్నవారు ఒక్క మాస్టారే. ఆయన చప్పట్లు కొట్టలేదు.

జులైలో లెక్కలు మొదలుపెడదామని ఆయన సుద్దముక్కలు తెచ్చుకున్నారు. రెండో ఉత్తర్వు వచ్చింది. "వరస కలుపుట ఆరంభమే గాని పరిసమాప్తి కాదు. వరసకు తగు విధులు నిర్వర్తింపని ఎడల అట్టి వరస నామమాత్రమగును" అని దానిలో ఉంది. మేనమామ విధులు పంతొమ్మిది.

మొదటి విధి, పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం. పదో తరగతి పిల్లలకి ఆ వేడుక ఎప్పుడో పద్నాలుగేళ్ళ కిందటే అయిపోయింది. ఉత్తర్వు రాసినవారు దాన్నీ ఆలోచించారు. "గతమున జరిగిపోయిన పక్షమున, బాలుర విషయమున నమూనాగా మరల జరిపించవలెను." మంగలి వచ్చాడు. మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. పంతొమ్మిది మంది మగపిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంటే మంగలి ఒక్కో వెంట్రుక కత్తిరించాడు. ఏడుకొండలు వంతొచ్చేసరికి కుర్చీ కాలు విరిగింది. వాడు కింద పడ్డ మాస్టార్ని లేపుతూ "బరువైపోయేనాండీ మావయ్యగారూ" అన్నాడు సిగ్గుపడిపోతూ.

ఏడో విధి, పెళ్ళిబుట్ట మోయడం. పిల్లలకి పెళ్ళిళ్ళు కావు కాబట్టి ఒక్కొక్కరి బరువుకి సరిపడా ఇసక బుట్టలో పోసుకొని జెండా స్తంభం చుట్టూ తిరగాలి. మాస్టారు నలభై ఒక్క చుట్లు తిరిగారు. ఇంటికెళ్ళాక ఆయన భార్య నడుముకి కాపడం పెడుతూ, "మన పిల్ల పెళ్ళికి కూడా మా అన్నయ్య ఇంత మొయ్యలేదండి" అని తన అన్నయ్యను తలుచుకొని కాసేపు బాధపడింది.

మేనమామ అంటే తల్లికి తోడబుట్టినవాడు కదా. అంచేత నలభై ఒక్క మంది తల్లులూ మాస్టారికి చెల్లెళ్ళయిపోయారు, తండ్రులు బావలయిపోయారు. బావలు రోడ్డు మీద బండాపి మరీ వేళాకోళమాడేవారు. చెల్లెళ్ళు మొగుళ్ళ మీద ఫిర్యాదులు తెచ్చేవారు. ఆపైన ఇంకో పేచీ వచ్చింది. భూలక్ష్మి టీచరు పిన్ని, గణపతిరాజు గారు బాబాయి. పిన్ని మొగుణ్ణి బాబాయి అంటారన్నది ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. భూలక్ష్మి గారి భర్త పంచాయతీ ఆఫీసులో గుమస్తా. ఆయనొక రోజు మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పకుండా బడికొచ్చేశాడు.

"హెడ్మాస్టారూ, మా ఆవిడ పిన్నయితే బాబాయిని నేను గదండీ. మధ్యలో ఈ డ్రిల్లు మాస్టారెవరండీ?"

"ఆయన ప్రభుత్వ బాబాయండి" అన్నారు జోగారావు గారు, ఇబ్బందిగా.

"మరి నేను?"

జోగారావు గారు స్పష్టత కోరుతూ పైకి రాశారు. వారంలో జవాబొచ్చింది. "పాఠశాల ఆవరణయందు, పనివేళలలో, బాబాయి స్థానము ఉద్యోగికే చెందును. సాయంత్రము ఐదు గంటల తరువాత భర్తకు చెందును." గుమస్తా ఆ కాగితానికి నకలు తీయించుకొని జేబులో పెట్టుకున్నాడు. రోజూ సరిగ్గా ఐదింటికి గేటు దగ్గర నిలబడేవాడు.

ఈ గొడవల్లో ఒకనాడు సత్యవేణి వాళ్ళమ్మ వచ్చింది. చీర కొంగుకి ఇంకా పీచు అంటుకొని ఉంది. అందరు చెల్లెళ్ళలాగే మొగుడి మీద ఫిర్యాదుకే వచ్చిందనుకున్నారు మాస్టారు.

"అన్నయ్యగారండీ, మా పిల్లకి నిజంగా మేనమామ లేడండి. ఒక్కగానొక్క అన్న, గోదాట్లో పోయేడండి. మీరున్నారని సంతోషపడ్డానండి" అంది. తరవాత కొంగుకున్న పీచు ఒక్కొక్కటే లాగింది. "ఏవనుకోకండే. లెక్కలు ఎప్పుడు మొదలెడతారండి?"

మాస్టారికి చచ్చేంత సిగ్గేసింది. మర్నాటినుంచి విధుల్లో పదమూడు పక్కన పడేసి, తలుపు గడియ పెట్టుకొని, మైనస్ దగ్గర మొదలుపెట్టారు. పిల్లలు ఆవురావురుమంటూ నేర్చుకున్నారు. సత్యవేణి కూడా బోర్డు వంక కళ్ళార్పకుండా చూస్తోంది. పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి కూడా. ఇంకో వారం పోతే అడిగేస్తుందని మాస్టారు లోపల్లోపల ఉబ్బిపోయారు.

ఆగస్టు ఒకటో తేదీన నూరు శాతం సాధించినందుకు బడికి శాలువా కప్పారు. రెండో తేదీన పరీక్షల విభాగం నుంచి లేఖ వచ్చింది.

"పరీక్షార్థికి సమీప బంధువైన ఉపాధ్యాయుడు సదరు పరీక్షార్థికి బోధించుట, పరీక్షించుట, పర్యవేక్షించుట పాత నిబంధనల ప్రకారము నిషిద్ధము. యాప్ వివరములను పరిశీలించగా, మీ పాఠశాల గణితోపాధ్యాయుడు నలభై ఒక్క మంది పరీక్షార్థులకు మేనమామ అని తేలినది. ఇంతటి బంధుప్రీతి ఇంతకుముందెన్నడును మా దృష్టికి రాలేదు. అతనిని సోమవారము నుండి పదవ తరగతికి దూరముగా ఉంచి, బంధువులు లేని ఏదేని మన్యప్రాంత పాఠశాలకు పంపవలెను."

జోగారావు గారు లేఖ మూడుసార్లు తిరగేశారు. "శాలువా తిరిగిమ్మనలేదు కదండీ" అన్నారు చివరికి.

"నా బదులు ఎవరొస్తారండి?" అన్నారు అన్నవరం మాస్టారు.

"ఎవరొచ్చినా ముందు వరస కలపాలి కదండి. కలిపాక బంధువైపోతాడు. బంధువు చెప్పకూడదు."

మాస్టారు ఆ రోజే బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళారు. అక్కడ బంధుత్వ విభాగమని కొత్తగా ఒక గది వెలిసింది. ప్రత్యేకాధికారి విశ్వపతి గారు. బల్ల మీద ఉత్తర్వులోని పదకొండు వరసలనూ పటం కట్టించి పెట్టుకున్నారాయన.

"ఈ వరస రద్దు చెయ్యండి సార్. నేను పరాయివాణ్ణిగానే ఉంటాను. పాఠం చెప్పనివ్వండి."

"బంధుత్వమునకు రద్దు లేదు మాస్టారూ. రక్తసంబంధము ఎచటనైనా రద్దగునా?"

"రక్తమెక్కడుందండి, యాప్‌లో ఉంది."

"యాప్‌లోకెక్కినది రక్తము కిందే లెక్క." విశ్వపతి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "తమరెవరి నిమిత్తము ఇంత ఆరాటపడుచున్నారు?"

మాస్టారికి పిల్లల గురించి మాట్లాడటం రాదు. అయినా చెప్పారు. పిల్లలు మైనస్ దాకా వచ్చారనీ, ఒక పిల్ల ఇవాళో రేపో ప్రశ్న అడగబోతోందనీ, అడగకపోతే పీచు మిల్లుకి పోతుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. అధికారి వింటూ వింటూ అప్రయత్నంగా పాత నిబంధనల పుస్తకం తీశారు. ఆయన చెడ్డవారు కారు. పుస్తకంలో దొరకని మంచిపని మాత్రం ఎన్నడూ చేసినవారు కారు.

"దొరికినది" అన్నారు చాలాసేపటికి. "పదకొండవ ఉపనిబంధన. 'మాటలు లేని బంధువును పరాయివానితో సమానముగా పరిగణింపవచ్చును.' తమరికీ సదరు నలభై ఒక్క మందికీ పోట్లాట జరిగి, మాటలు ఆగిపోవలెను. సాక్షులుండవలెను. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఫోటో ఒకటి. బోధన చేసుకొనవచ్చును గాని మాట్లాడరాదు. మాట కలిసిన మరుక్షణము తమరు మరల మేనమామ. నేనే స్వయముగా వచ్చి తనిఖీ చేసెదను."

శనివారం ప్రార్థన తరవాత పోట్లాట ఏర్పాటయింది. బంధువులు దేని గురించి పోట్లాడుకుంటారని జోగారావు గారు స్టాఫ్ మీటింగు పెట్టారు. భోజనాల దగ్గర మర్యాద జరగకపోవడం గురించేనని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. దాంతో, మధ్యాహ్న భోజనంలో మేనమామకి గుడ్డు వెయ్యకుండా పిల్లలే తినేశారని మాస్టారు అలిగినట్టు రాసుకున్నారు.

"నాకు గుడ్డెయ్యలేదు మీరు" అన్నారు మాస్టారు కాగితం చూసి, పాఠం అప్పజెబుతున్నట్టు. "మీ గడప తొక్కను."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఏడుకొండలుని ముందుకి నెట్టారు. వాడు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. "మాస్టారండీ, నేను మిమ్మల్ని తిట్టలేనండి. కావాలంటే నా గుడ్డు రేపు మీరు తీసేసుకోండి" అన్నాడు.

"తిట్టరా. తిట్టకపోతే నన్ను పంపేస్తారు."

వాడి మొహం మాడిపోయింది. కళ్ళు మూసుకొని, "తొక్కకపోతే మానెయ్యండి. మాకూ మీతో మాటల్లేవండి" అనేసి, వెంటనే ఏడ్చేశాడు. వాడితో పాటు సగం క్లాసు ఏడ్చింది. ఏడుపు చూసి సాక్షులు పోట్లాట చాలా తీవ్రంగా జరిగిందని సంతకాలు పెట్టారు. మాస్టారు ఒక పక్కకి, నలభై ఒక్క మంది ఇంకో పక్కకి తిరిగి నిలబడ్డ ఫోటో ఎక్కించగానే యాప్ "సంబంధములు సంతృప్తికరముగా చెడినవి" అంది.

సోమవారం విశ్వపతి గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు మాట్లాడకుండా బోర్డు మీద రాశారు. మైనస్ రెండుని మైనస్ మూడుతో గుణించి, ప్లస్ ఆరు అని వేశారు. పిల్లలు మాట్లాడకుండా దించుకున్నారు. మాటల్లేకుండా అంతవరకూ చెప్పొచ్చు. ఎందుకలాగ అన్నది మాత్రం నోరు లేకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు. మాస్టారు సుద్దముక్క పట్టుకొని అలాగే నిలబడిపోయారు. ఇన్ని తంటాలూ పడి గెలుచుకున్నది ఈ మూగ పాఠమేనా అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఏడుకొండలు పక్కకి తిరిగి గోడని చూశాడు. వాళ్ళింట్లో నాయనమ్మకీ తాతకీ ఎనిమిదేళ్ళ నుంచీ మాటల్లేవు. అయినా కాపురం నడుస్తోంది.

"గోడా గోడా," అన్నాడు వాడు, వాళ్ళ నాయనమ్మ అనే రాగంతోనే. "ఆయనగార్ని అడుగు. రెండూ మైనస్సులే గదా, ప్లస్సు ఎక్కడినుంచొచ్చిందో."

విశ్వపతి గారు గబగబా పుస్తకం తిరగేశారు. గోడతో మాట్లాడరాదని అందులో ఎక్కడా లేదు.

మాస్టారి మొహం విప్పారింది. ఆయనా గోడవైపు తిరిగారు. "గోడా, ఆ పొడుగాయనకి చెప్పు. మంచి ప్రశ్న అడిగేడని చెప్పు. జవాబు మాత్రం ఇంకెవరైనా అడిగితే చెప్తానని చెప్పు."

ఇక పిల్లల్ని పట్టేవాళ్ళు లేరు. గోడా, గోడా అంటూ అన్ని బెంచీల నుంచీ ప్రశ్నలొచ్చాయి. రెండేళ్ళుగా దాచుకున్న సందేహాలన్నీ ఆ సున్నపు గోడ మీద కుమ్మరించారు. మాస్టారు గోడకి జవాబు చెప్పలేక సతమతమైపోయారు. ఒకడు భిన్నాల గురించి అడిగాడు, ఇంకో పిల్ల రేపు టెస్టు ఉంటుందేమో కనుక్కోమంది. మొహమాటపడాల్సిన మొహం ఎదురుగా లేకపోతే పిల్లలు ఎన్ని అడుగుతారో ఇరవై ఆరేళ్ళలో ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఆ సందట్లో మూడో బెంచీ నుంచి చాలా సన్నగా ఒక గొంతు వినిపించింది. "గోడా." క్లాసంతా అటు తిరిగింది. ఆ గొంతు ఎలా ఉంటుందో అక్కడెవరికీ తెలియదు.

"గోడా," అంది సత్యవేణి. కళ్ళు గోడ మీదే ఉన్నాయి. "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్సెందుకొస్తుందో నాకు అర్థం కాలేదని చెప్పవా."

మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది. ఆయన గొంతు సవరించుకొని, "గోడా, ఆ అమ్మాయిని లేచి నడవలోకి రమ్మను" అన్నారు. సత్యవేణి వచ్చి బోర్డు వైపు తిరిగి నిలబడింది. "బోర్డు వైపు ప్లస్సని చెప్పు. ఒక మైనస్ వచ్చిందంటే వెనక్కి తిరగమను." ఆమె వెనక్కి తిరిగింది. "రెండో మైనస్ వచ్చిందంటే వెనక్కి నడవమను."

సత్యవేణి వెనక్కి నడిచింది. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ, వెనక ఏముందో చూడకుండా, బెంచీలు దాటి, నడవ దాటి, బోర్డు దాకా వచ్చేసింది. వీపుకి బోర్డు తగిలింది. తల తిప్పి చూస్తే పక్కనే మాస్టారున్నారు. ఆ పిల్లకి నవ్వొచ్చేసింది. గోడ సంగతే మర్చిపోయింది.

"ముందుకే వచ్చేసేనండి మాస్టారూ" అంది, ఆయన కళ్ళలోకి చూసి.

విశ్వపతి గారు కలం ఎత్తారు. మాట కలిసిన మరుక్షణం మాస్టారు మళ్ళీ మేనమామ. మన్యానికి బస్సు ఎక్కాల్సిందే.

"ఈ బాలిక ఇప్పుడెవరితో మాట్లాడినది?" అన్నారాయన.

నలభై మంది ఒక్క గొంతుతో చెప్పారు. "గోడతోనండి."

విశ్వపతి గారు గోడను చూశారు. పిల్లను చూశారు. పిల్లకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగుల దూరముంది. ఆయన తన చేతిలోని కలాన్ని కాసేపు చూసుకొని, 'గోడతో' అని రాసుకున్నారు.

"మరి మూడు మైనస్సులుంటేనండి?" అంది సత్యవేణి. "మళ్ళీ వెనక్కెళ్ళిపోతానాండి?"

మాస్టారు జవాబు చెప్పబోయారు. కళ్ళు మసకబారి బోర్డు కనబడలేదు. ఆయన కళ్ళు తుడుచుకొని తేరుకునేదాకా నలభై మందీ, మాటల్లేని బంధువుల్లాగే, బుద్ధిగా గోడవైపు తిరిగి కూర్చున్నారు.